రుమాలు మీద విమానం

చీరాలలో నేసిన తేలియా రుమాళ్ళ మీద మొదట్లో ఉన్నవన్నీ లెక్కల బొమ్మలే. చదరాలు, వజ్రాలు, మెట్లమెట్లుగా తేలిన పువ్వులు. 1930లు వచ్చేసరికి వాటి మధ్యలోకి సింహాలు, ఏనుగులు, గడియారాలు, చివరికి విమానాలు కూడా దిగాయి. రంగులు ఎప్పటిలాగే ఎరుపు, నలుపు, తెలుపు. చదరం ఎప్పటి చదరమే. లోపల మాత్రం విమానం! ఆ నేతగాళ్ళకి ఎవరూ బ్రెయిన్‌స్టార్మింగ్ నేర్పలేదు. ఆ పద్ధతి గురించిన మొదటి పుస్తకం అచ్చయింది 1942లో, అదీ అమెరికాలో.

ఫ్యాషన్ డిజైన్ చదివే పిల్లల్లో సృజనశక్తి పెంచడానికి ఊహలు పుట్టించే పద్ధతులు నేర్పాలనే మాట ఇప్పుడు అన్ని డిజైన్ కాలేజీల్లోనూ వినిపిస్తోంది. బ్రెయిన్‌స్టార్మింగ్, మైండ్‌మ్యాప్, మూడ్‌బోర్డు, స్కాంపర్. ఇవన్నీ పనికిరానివని చెప్పడం నా ఉద్దేశం కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పసుపు చీటీలు గోడకి అతికించే మీటింగుల్లో నేనూ చాలాసార్లు కూర్చున్నాను, వాటివల్ల మేలూ చూశాను. కానీ ఈ పద్ధతుల చరిత్రనీ, తేలియా రుమాలు చరిత్రనీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేలుతుంది. మనం పిల్లలకి విడుపు నేర్పుతున్నాం, పట్టు నేర్పడం మర్చిపోతున్నాం.

ముందు అమెరికా కథ. అలెక్స్ ఆస్బర్న్ ప్రకటనల మనిషి. బీబీడీఓ అనే పెద్ద యాడ్ ఏజెన్సీ వ్యవస్థాపకుల్లో ఒకడు. మీటింగుల్లో కుర్రాళ్ళు నోరు విప్పడం లేదని, ఎవరైనా ఒక ఊహ చెప్పగానే పక్కవాడు దాన్ని తుంచేస్తున్నాడని గమనించాడు. దానికి మందుగా నాలుగు నియమాలు పెట్టాడు. విమర్శ వద్దు. ఎంత వింత ఊహైనా సరే చెప్పాలి. మంచీ చెడూ చూడకుండా ఎక్కువ ఊహలు రావాలి. ఒకరి ఊహ మీద మరొకరు ఇంకో వరస కట్టాలి. 1942, 1948, 1953లలో వచ్చిన మూడు పుస్తకాలతో ఈ పద్ధతి కంపెనీలనించి క్లాసురూముల దాకా పాకింది.

ఇందులో మనకి సరదా కలిగించే ముక్క ఒకటుంది. ఇలాంటి పద్ధతి భారతదేశంలో హిందూ గురువులు నాలుగు వందల ఏళ్ళకు పైగా వాడుతున్నారని, దాని పేరు ‘ప్రై బర్షణ’ అని ఆస్బర్న్ తన పుస్తకంలో రాశాడు. మన ‘ప్రశ్న’ ఓడెక్కి అమెరికా వెళ్ళి నలిగి వచ్చినట్టుంది ఆ మాట. అయినా ఆ మనిషి పూర్వీకుల కోసం వెతకడం నాకు నచ్చింది. తన పద్ధతి ఆకాశంలోంచి ఊడిపడలేదని చెప్పుకోవాలనుకున్నాడు. మన దగ్గర ఆ పద్ధతి నేర్పేటప్పుడు మాత్రం, ఇక్కడ అంతకుముందు ఊహలు ఎలా పుట్టేవి అన్న ప్రశ్న రాదు.

ఆస్బర్న్ మాటని పరీక్షకి పెట్టినవాళ్ళు వెంటనే వచ్చారు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెర్రీ, బ్లాక్ అనే ముగ్గురు ఒక ప్రయోగం చేశారు. నలుగురు కలిసి కూర్చుని ఊహలు చెప్పడం ఒక పక్క. నలుగురు విడివిడిగా కూర్చుని రాసినవాటిని తర్వాత కలపడం ఇంకో పక్క. విడిగా కూర్చున్నవాళ్ళే ఎక్కువ ఊహలు ఇచ్చారు. 1987లో జర్మనీలో డీల్, స్ట్రోబె అనే ఇద్దరు దీనికి ముఖ్యమైన కారణం చూపించారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి, ఆగేలోపు వాళ్ళ తలలో ఊహ చల్లారిపోతుంది. అంతే! మన ఇళ్ళల్లో పెళ్ళి మాటలకి కూర్చున్నప్పుడు జరిగేది ఇదే కాబట్టి మనకి ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

అలాగని ఒంటరిగా కూర్చుంటే చాలని కాదు. 1991లో జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు డిజైన్ సమస్య ఇచ్చి, కొందరికి దాంతోపాటు ఒక నమూనా బొమ్మ కూడా చూపించారు. నమూనా చూసినవాళ్ళు తెలియకుండానే దాన్ని అనుకరించారు, అందులో ఉన్న తప్పులతో సహా. ఫోన్‌లో వందల బొమ్మలు పోగేసి మూడ్‌బోర్డు తయారుచేసే విద్యార్థికి ఇది నేరుగా తగిలే విషయం. చూసిన బొమ్మ కాళ్ళకి చుట్టుకుంటుంది. అందులోంచి బయటపడేయడానికే ఈ పద్ధతులు ఉన్నాయి. ఆస్బర్న్ ప్రశ్నల జాబితాని 1971లో బాబ్ ఎబర్లీ అనే ఆయన స్కాంపర్‌గా కుదించాడు. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టు, కలుపు, వేరే చోటునించి తెచ్చి అతికించు, మార్చు, ఇంకో పనికి వాడు, తీసెయ్యి, తలకిందులు చెయ్యి. ఫ్రిట్జ్ జ్విక్కీ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇంకో దారి చూపించాడు. వస్తువుని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికి ఎన్ని రకాలు సాధ్యమో పట్టిక వేసి, అన్నిటినీ కలిపి చూడమన్నాడు. మెడకి 6 రకాలు, చేతులకి 5, పొడవుకి 4, గుడ్డకి 8 అనుకోండి. కాగితం మీద 960 డ్రెస్సులు సిద్ధం. వాటిలో ఏది కుట్టాలో పట్టిక చెప్పదు. చిక్కు మొదలయ్యేది అక్కడే.

ఈ పద్ధతులు వచ్చి చేరడానికి మన దగ్గర సంస్థలు ఒక్కొక్కటిగా తయారయ్యాయి. 1958లో చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ, అంటే ఎన్‌ఐడీ పుట్టింది. 1986లో ఢిల్లీలో నిఫ్ట్, 1995లో హైదరాబాద్‌లో దాని శాఖ వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక 2015లో ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ మొదలైంది. మొదట్లో అది నడిచింది గుంటూరు దగ్గర ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఆవరణలో. అక్కడ బట్టల డిజైన్ కూడా చదువుకోవచ్చు.

నిఫ్ట్ ప్రవేశ పరీక్షలో సృజనశక్తిని కొలిచే పేపరు ఒకటి విడిగా ఉండేది. అది దాటినవాళ్ళకి కొన్ని వస్తువులు ఇచ్చి, అక్కడికక్కడ ఏదో ఒకటి తయారుచేయమనే సిట్యుయేషన్ టెస్ట్. ఉద్దేశం మంచిదే. బట్టీ పట్టడం కుదరని పరీక్ష అది. కానీ మనవాళ్ళకి బట్టీ కుదరనిది ఏముంది? ఎంసెట్‌కి మెటీరియల్ తయారుచేసిన చేతులే దీనికీ తయారుచేస్తాయి. అట్టముక్క ఇస్తే ఇది చెయ్యి, ఉన్ని ఇస్తే ఇది చెయ్యి. నేను ఇంజినీరింగు కోచింగు మీదుగా వచ్చినవాణ్ణి కాబట్టి ఆ చదువు రుచి నాకు తెలుసు. ప్రశ్నలోకి దిగకుండానే జవాబు ఆకారం గుర్తుపట్టడం ఆ చదువు నేర్పే విద్య. ఊహలు పుట్టించే పద్ధతుల్ని కూడా అలాగే నేర్పితే పుట్టేది జవాబు ఆకారమే.

ఇప్పుడు చీరాలకి వద్దాం. తేలియా రుమాలు తయారీని ఒకసారి వరసగా చూస్తే విమానం ఎందుకు గొప్పదో తెలుస్తుంది. తెల్ల నూలుని నూనెలోనూ, ఆముదపు కాయలు కాల్చిన బూడిద కలిపిన నీళ్ళలోనూ నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి, రెండు మూడు వారాల పాటు మగ్గబెడతారు. ఆ నూనె వల్లనే తేలియా అనే పేరు. నూనె పట్టిన నూలు ఎరుపుని గాఢంగా పట్టుకుంటుంది. ఆ ఎరుపు ఒకప్పుడు చిరివేరు నించి వచ్చేది. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ అలిజరిన్‌ని ప్రయోగశాలలో తయారుచేశాక, కాలక్రమంలో డబ్బాలో వచ్చే రంగు ఆ చోటు తీసుకుంది. నలుపుకి ఇనుము.

తర్వాతది అసలు పని. పడుగునీ పేకనీ విడివిడిగా లాగి పెట్టి, రంగు అంటకూడని చోటల్లా గట్టిగా కట్లు కడతారు. రంగులో ముంచుతారు. కొన్ని విప్పుతారు, కొన్ని కొత్తగా కడతారు, మళ్ళీ ముంచుతారు. గుడ్డ ఇంకా లేదు, బొమ్మ మాత్రం అప్పటికే నూలు మీద ముక్కలు ముక్కలుగా ఉంది. మగ్గం మీద పడుగులోని ఎర్ర ముక్కకి పేకలోని ఎర్ర ముక్క సరిగ్గా ఎదురుపడితేనే బొమ్మ నిలుస్తుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో ఇది పిక్సెల్ పని. గుండ్రటి గీత గీయడం కుదరదు, మెట్లుగా తేల్చాలి. అంచు కాస్త చెదురుతుంది, ఆ చెదరడమే దాని అందం.

ఇలాంటి చోట విమానం వేయాలనుకున్నవాడు ఏం చేసి ఉండాలి? ముందు విమానాన్ని చదరాలుగా చూడగలగాలి. రెక్క ఎన్ని పోగులు, తోక ఎన్ని పోగులు, ఎక్కడ కట్టు, ఎక్కడ విప్పు. అంటే అతని తలలో జ్విక్కీ పట్టిక అప్పటికే ఉంది. కాకపోతే దాని గడులు నూలుతో చేసినవి. 960 దారులు అతనికి తెరుచుకోలేదు, బహుశా నాలుగైదే తెరుచుకున్నాయి. ఆ నాలుగైదూ మగ్గం మీద నిలబడేవే.

ఇంకొకటి, ఆ గుడ్డ ఎవరికో అతనికి తెలుసు. తేలియా రుమాలు ఇక్కడ పశువుల కాపర్ల, పల్లెకారుల తలపాగా, లుంగీ. ఓడెక్కితే ఏడెన్‌లో, పర్షియన్ గల్ఫ్‌లో, తూర్పు ఆఫ్రికాలో, బర్మాలో తలగుడ్డ. ఆసియా రుమాలు అని కూడా దానికి పేరు. ఎండకి చలవ, దుమ్ముకి అడ్డు. దూరదేశపు కొనుగోలుదారు ఉన్న సరుకు కాబట్టే విమానమూ గడియారమూ దాని మీదకి వచ్చాయని నేననుకుంటాను. కొత్త బొమ్మ కోరే కన్ను అవతల ఉంది, దాన్ని నూలులోకి మార్చగల చెయ్యి ఇవతల ఉంది. స్కాంపర్‌లోని ప్రశ్నలన్నీ ఈ రుమాలు చరిత్రలో జరిగాయి కూడా. చిరివేరు బదులు అలిజరిన్. పువ్వు బదులు విమానం. చీరాల నించి ఈ పని నల్గొండ వైపు పాకి, పుట్టపాకలో రుమాలు కాస్తా చీర అయింది, దుపట్టా అయింది. ఇంకో పనికి వాడటం అంటే ఇదే. పుట్టపాక నేతకారుడు గజం గోవర్ధనకి 2011లో పద్మశ్రీ వచ్చింది, 2020లో పుట్టపాక తేలియా రుమాలుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మరి విమానం వేసినవాడి పేరు? అది మనకి అందలేదు. బ్రెయిన్‌స్టార్మింగ్‌కి ఆస్బర్న్ పేరుంది, స్కాంపర్‌కి ఎబర్లీ పేరుంది. రుమాలుకి ఊరి పేరే మిగిలింది. అప్పట్లో పేరు రాసుకునే అలవాటు లేకపోవడం ఒక కారణం. ఇంకో కారణం తర్వాత వచ్చింది, దాని బాధ్యత మనదే. స్వాతంత్ర్యం వచ్చాక చేనేతని నిలబెట్టడానికి 1956 నించి వీవర్స్ సర్వీస్ సెంటర్లు మొదలయ్యాయి. పుపుల్ జయకర్ పూనికతో మంచి చిత్రకారులు అందులోకి వచ్చారు. కె.జి. సుబ్రమణ్యన్ లాంటివాడు కూడా చేనేత బోర్డులో డిజైన్ బాధ్యత చూశారు. ఆ సెంటర్లు చాలా మగ్గాల్ని కాపాడాయి. కానీ ఒక విభజన కూడా స్థిరపడింది. గ్రాఫు కాగితం మీద గీసేవాడు డిజైనర్, దాన్ని చూసి నేసేవాడు నేతగాడు. ఊహ ఒక చోట, చెయ్యి ఇంకో చోట. ఈ రోజు నిఫ్ట్ విద్యార్థులు క్లస్టర్ ప్రాజెక్టు పేరుతో చేనేత ఊళ్ళకి వెళ్తారు. వెళ్ళడం మంచిదే. వెళ్ళేటప్పుడు ఈ విభజనని వెంట తీసుకెళ్తే మాత్రం, వాళ్ళు అక్కడ వెతికేది చెప్పింది చేసిపెట్టే చేతుల్నే.

విచిత్రం ఏమిటంటే, మన డిజైన్ చదువుకి పునాది అయిన ఈమ్స్ నివేదిక చెప్పింది దీనికి విరుద్ధం. వాళ్ళు ఈ దేశంలో చూసిన వస్తువులన్నిటిలోకీ బాగా మెచ్చుకున్నది లోటాని. మన చెంబు! దాన్ని ఏ ఒక్కరూ డిజైన్ చేయలేదని, తరతరాల మనుషులు కలిసి చేశారని అన్నారు. అలాంటి దాన్ని ఇవాళ ఒకరు చేయాలంటే ఏమేం ఆలోచించాలో ప్రశ్నల వరస రాశారు. ఎన్ని నీళ్ళు పట్టాలి, తల మీద మోస్తారా చంకన పెట్టుకుంటారా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు వాలుతుంది, చేతికి ఎలా తగులుతుంది, ఎంత ఖర్చు, పాడయ్యాక లోహం ఏమవుతుంది. ఇదీ ప్రశ్నల జాబితాయే, స్కాంపర్ లాంటిదే. తేడా ఒక్కటి. స్కాంపర్ వస్తువుని మార్చమంటుంది, లోటా జాబితా వస్తువుని చదవమంటుంది. సాహిత్యం చదివేవాళ్ళకి ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు. ఛందస్సు తెలిసి వదిలేసినవాడి వచన కవితకీ, తెలియకుండా పంక్తులు విరిచినవాడి వచన కవితకీ మధ్య తేడా ఇలాంటిదే.

చదివాక ఊహ ఎలా వస్తుందో చూడాలంటే చింతకింది మల్లేశం కథ చాలు. 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది కాబట్టి చాలామందికి తెలుసు. పోచంపల్లి చీరకి నూలు మీద కట్లు కట్టేముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో గుచ్చిన మేకుల చుట్టూ చేత్తో నూలు తిప్పడం. ఒక్క చీరకి ఆ చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఊగాలి. అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూసి, బడి చిన్నప్పుడే మానేసిన ఆ కుర్రాడు 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి తేలని ఒక ముడి, హైదరాబాద్ బాలానగర్‌లో వేరే పని మీద వెళ్ళినప్పుడు ఇంకేదో యంత్రం కదలిక చూడగానే విడిపోయింది. 1999కి యంత్రం సిద్ధమైంది. 2017లో పద్మశ్రీ. ఒక చోటి కదలికని ఇంకో చోటికి తెచ్చుకోవడం అనేది పుస్తకాల్లో ఉన్న పద్ధతే. అయితే బాలానగర్‌లో ఆ యంత్రం పక్కనించి రోజూ ఎంతమంది నడిచి ఉంటారు? ఆసు బాధ మనసులో మోస్తున్నవాడికే అది ఆసులా కనిపించింది.

ఇదంతా చిలకలూరిపేట నించి చూస్తే ఇంకోలా ఉంటుంది. నేను ఆ వైపువాణ్ణే. ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 దాకా గుంటూరు జిల్లా. చుట్టూ నల్లరేగడి, పత్తి. ఊళ్ళోనూ, పక్కన గణపవరంలోనూ వరసగా స్పిన్నింగు మిల్లులు. పత్తి వస్తుంది, నూలు వెళ్ళిపోతుంది. ఆ నూలు ఎక్కడో గుడ్డవుతుంది, ఇంకెక్కడో డ్రెస్సవుతుంది, చివరికి షోరూం సంచీలో పడి మళ్ళీ మన హైవే మీదకే వస్తుంది. పర్చూరు మీదుగా బస్సెక్కితే ఎంతో దూరం లేని చీరాలలో రుమాలు చరిత్ర. అదే హైవే మీద గుంటూరు దాటితే డిజైన్ సంస్థ మొదలైన నాగార్జున యూనివర్సిటీ. నూలు, నేత, డిజైన్ మూడూ ఒక పూట ప్రయాణంలో ఉన్నాయి. అయినా పేట కుర్రాళ్ళకి మిల్లు అంటే షిఫ్టు, కౌంటు, కరెంటు బిల్లు. అందులోంచి ఊహ పుట్టొచ్చని ఎవరూ వాళ్ళకి చెప్పలేదు.

ఊహలకి ఆ నేల గొడ్డుది కాదు. శివరాత్రికి కోటప్పకొండకి ప్రభలు కట్టే ఊళ్ళని చూడండి. ఎనభై తొంభై అడుగుల ప్రభ, దాని ఆకారం అందరికీ ఒకటే. దాని మీద దీపాలూ రంగులూ మాత్రం ఏటేటా మారాలి, పక్క ఊరి ప్రభని మించాలి. ఏం చేద్దామని రాత్రిళ్ళు అరుగుల మీద జరిగే చర్చలో ఆస్బర్న్ నియమాలు ఒక్కటీ ఉండవు. విమర్శ ధారాళంగా ఉంటుంది. కానీ అందరికీ ప్రభ అంటే ఏమిటో తెలుసు. ఎంత బరువైతే ఒరుగుతుందో తెలుసు, ఏ మలుపులో కరెంటు తీగ అడ్డొస్తుందో తెలుసు. అందుకే అక్కడ విమర్శ ఊహని చంపదు, దానికి ఒక ఒడ్డు చూపిస్తుంది.

అందుకని నాకు తోచేది ఇది. స్కాంపర్‌నీ పట్టికల్నీ తీసేయక్కర్లేదు. వాటిని రెండో నెలకి జరపాలి. మొదటి నెల పిల్లల్ని గణపవరం మిల్లులో ఒక కౌంటు నూలు ఎలా అవుతుందో చూడమనాలి. చీరాలలో, పుట్టపాకలో కట్టూ విప్పూ చేత్తో నేర్చుకోమనాలి. ఒక పాత రుమాలు ముందు పెట్టి, లోటాకి వేసినట్టు ప్రశ్నలు వేయమనాలి. ఎవరు కట్టుకునేవారు, ఏ ఎండలో, ఎంతకి కొన్నారు, ఉతికితే ఏమైంది. ఆ తర్వాత మూడు రంగులు, ఒక చదరం ఇచ్చి, మీ కాలపు విమానం వేయమనాలి. అప్పుడు ఎంతమంది కలిసి కూర్చున్నా, విడిగా కూర్చున్నా, ఏ పద్ధతి వాడినా నష్టం లేదు. ఆలోచించడానికి చేతిలో ఏదో ఉంటుంది.

ఇంకొక్క మాట. జర్మనీలో బౌహౌస్‌లో చదివి అమెరికా చేరిన నేతకళాకారిణి ఆనీ ఆల్బర్స్, 1965లో నేత గురించి రాసిన పుస్తకాన్ని ప్రాచీన పెరూ నేతగాళ్ళకి, వాళ్ళని తన గురువులంటూ, అంకితం ఇచ్చింది. వాళ్ళ పేర్లు ఆమెకీ తెలిసే అవకాశం లేదు. అయినా గురువులంది. మన డిజైన్ విద్యార్థులు చేనేత ఊరినించి తిరిగొచ్చి ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడు, నేసినవాళ్ళ పేర్లు చివరి పేజీ కృతజ్ఞతల్లో రాస్తారు. ఆ పేర్లు మొదటి పేజీలో, తమ పేరు పక్కన రాయాలి. చీరాల రుమాలు మీద విమానం వేసినవాడి పేరు పోయింది, దానికిక ఏం చేయలేం. ఇప్పుడు మగ్గం ముందున్నవాళ్ళ పేర్లు పోకుండా చూసుకోవచ్చు.